మొప్ప ఎత్తి చూడటం

ఈ ఉదయం కూర్మన్నపాలెంలో చేపలు కొంటుంటే, ఆ పచ్చి ఉప్పువాసనకి సత్యవతి మేడం గుర్తొచ్చారు. నా చెయ్యి దానంతటదే వంజరం మొప్ప ఎత్తింది. "ఏటి పాపా, నామీద నమ్మకం లేదేటి?" అంది చేపలామె. నమ్మకం ఉంది. అలవాటు అంతకన్నా గట్టిది.

దువ్వాడలో మేం పనిచేసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుని మేడమే నడిపేవారు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. ఆఫీసులోనూ ఊరి మాటే మాట్లాడేవారు. పెర్ల్ అంటే ముత్యం కదా అని ఆ ప్రోగ్రామింగ్ భాషలోకి దూకినదాన్ని నేను. అప్పటికి నాకు చిక్కినవన్నీ గుల్లలే. ఒక కర్మాగారం గేటు కోసం, కాంట్రాక్టు కార్మికుల పేర్లున్న నిన్నటి ఫైలునీ ఇవాళ్టి ఫైలునీ పోల్చే ప్రోగ్రాం రాశాను. నిన్న ఉండి ఇవాళ లేని పేరుకి గేటు పాసు ఆగిపోతుంది. మధ్యాహ్నం షిఫ్టుకి ముందు నడిపితే, నిన్నటివాళ్ళలో ఒక్కరూ ఇవాళ లేరని చెప్పింది.

"ఒక్కపాలే అందరూ మానీసారేటమ్మా?" అన్నారు మేడం.

"రెండు ఫైళ్ళలోనూ అవే పేర్లండి, కళ్ళారా చూశానండి. పెర్ల్‌లోనే ఏదో లోపమండి."

ఇంతలో గేటు ఆఫీసు నుంచి ఫోను. ఉన్నదేదో పంపెయ్యమన్నారు. "తప్పుది ఇవ్వనండి, ఆగండి," అని పెట్టేసి, మేడం తెరమీద మొదటి పేరు చూపించారు. "ఈ అప్పలరాజు ఈపాటికి బస్సులో ఉంతాడు. గేటుకాడ ఆపేత్తే ఆడి పూట పోతాది. సేపని దూరం నుంచి సూసి కొంతావేటి? మొప్ప ఎత్తాల. పేరుకి అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టి సూడు."

పెట్టాను. ఇవాళ్టి ఫైల్లో ప్రతి పేరు చివరా ఉండాల్సిన మూసే బ్రాకెట్, పేరు ముందు వచ్చి కూర్చుంది. "అదిగో, దొరికీసింది," అన్నారు మేడం. ఆ ఫైలు విండోస్‌లో తయారైందట; పంక్తి చివర కంటికి ఆనని గుర్తొకటి అదనంగా ఉంది. తెరమీద అది కర్సర్‌ని పంక్తి మొదటికి లాక్కుపోతుంది, బ్రాకెట్ అక్కడ పడుతుంది. ఆ తోకతో కలిపి చూస్తే ఏ పేరూ నిన్నటి పేరుతో కలవదు మరి. తోక కత్తిరించే లైను ఒకటి రాసి మళ్ళీ నడిపాను. నిజంగా మానేసిన గుప్పెడు మందే మిగిలారు. అప్పలరాజు వాళ్ళలో లేడు. అప్పుడు మేడం ఫోను తీశారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. అనుకోనిది తెరమీదికి వస్తే భాషని తిట్టాలనే ఉంటుంది నాకిప్పటికీ. ఆ సరదా చావలేదు. కానీ చెయ్యి ముందు బ్రాకెట్లు వేస్తుంది. ఎవరు తొందరపెట్టినా ఆగమంటాను. నేనెన్నడూ చూడని అప్పలరాజు ఒకడు బస్సులో వస్తూ ఉంటాడు.