చర్చి వెనక చింతమొద్దు

అబిడ్స్‌లో మా చర్చి వెనక, ప్రహరీ గోడను ఆనుకుని ఒక చింతమొద్దు ఏళ్ల తరబడి పడి ఉండేది. గాలివానకు కూలిన చెట్టు అది. కొమ్మలు ఎవరో కొట్టుకుపోయారు, మొదలు మాత్రం ఎవరి బలానికీ కదలక అక్కడే ఉండిపోయింది. పక్కన మరో మూడు ముసలి చింతలు నిలబడి ఉండేవి. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ జీవితమంతా గడిపిన నేను, ప్రతి ఆదివారం ఆ మొద్దు పక్కనుంచే నడిచాను. ఒక్కసారీ వంగి చూడలేదు.

రిటైరయ్యాక ఒక వానాకాలం, చెప్పు తెగి దానిమీద కూర్చున్నాను. చేతికి గట్టిగా ఏదో తగిలింది. గుర్రపు గిట్ట లాంటి పుట్టగొడుగు, కట్టెను కరిచి పట్టుకుని ఉంది. పైన ఏటికొక పొర చొప్పున పేరుకున్న గోధుమరంగు చారలు. అలాంటిదాన్ని నల్లమల లోపల, గొడ్డలి పడని చోట ఒకే ఒక్కసారి చూశాను.

ఇది వానకు మొలిచి మూడునాళ్లకు పోయే రకం కాదు. పండు ముసలి చెట్ల చేవలో నిదానంగా బతుకుతుంది. ఉన్న మొద్దు మట్టయ్యేలోగా దగ్గర్లో మరో ముసలి చెట్టు దొరకాలి, దాని తర్వాత ఇంకొకటి. ఆ వరస ఒక్కసారి తెగితే మళ్లీ రావడం కష్టం. అంటే ఈ దుకాణాలూ, రోడ్డూ, మా చర్చీ రాకముందు నుంచీ ఇక్కడ ముసలి చెట్లు లేని రోజు లేదన్నమాట.

అప్పటికే సంఘపెద్దలు ఆ మూడు చింతలూ కొట్టించి కార్లకు చోటు చేయాలనుకుంటున్నారు. నాంపల్లిలో ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లో మా గేటు ముందు బండి ఆపే వీలుండదు. వాళ్ల బాధా అబద్ధం కాదు. మీటింగులో లేచి పుట్టగొడుగు సంగతి చెబితే నవ్వారు. చివరికి ఒక పెద్దాయన, విషయం తెలిసినవాళ్లెవరైనా చూసి రాసిస్తే చెట్లు ఉంచుదామన్నారు. పుట్టగొడుగుల మీద పరిశోధన చేసే నా పాత శిష్యుణ్ణి బతిమాలి ఒక శనివారానికి ఒప్పించాను. ఉన్నది ఒక్కటే కదా అని నమూనాకు చిన్న ముక్క కూడా కోయలేదు. ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నానంతే.

చర్చి వాచ్‌మన్ మెదక్ వైపు మనిషి, నా ఈడువాడే. శుక్రవారం పొద్దున అతనికి ఫోన్ చేసి, రేపు పెద్ద సారు మన చెట్లు చూడ్డానికి వస్తున్నారు, గేటు తీసి ఉంచన్నా అని చెప్పాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మర్నాడు నాంపల్లిలో మెట్రో దిగిన శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాను. గేటు దగ్గరే సున్నం వాసన. క్రిస్మస్‌కు చేసినట్టు మూడు చింతలకూ నడుమెత్తు సున్నం, పైన ఎర్రటి జాజు పట్టీ. గోడ పక్కన ఊడ్చి, నీళ్లు చల్లి, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. మొద్దు లేదు.

మొద్దు ఏదన్నా అని అడిగాను.

"తీసేయించిన టీచరమ్మా. అడితోల్లను పిలిచి కోయించిన. పుచ్చిపోయి, పుట్టకొక్కులు లేసి గలీజ్‌గుండె. పెద్ద సారొస్తున్నడంటిరి గద, మీ ఇజ్జత్ పోవద్దని."

అతని చేతులకు సున్నం ఇంకా ఉంది. నేను కోపిష్టిదాన్ని, క్లాసులో సుద్దముక్కలు విసిరినదాన్ని. ఆ చేతుల్ని చూశాక, అడితి ఎక్కడని మాత్రమే అడిగాను.

ఆటోలో చాదర్‌ఘాట్ కట్టెల అడితికి పరుగెత్తాం. పొద్దున్నే ఏదో హోటల్ పొయ్యికి పోయిందన్నారు. తిరిగొచ్చి నా శిష్యుడు చింతల చుట్టూ చాలాసేపు వెతికాడు, ఏమీ దొరకలేదు. ఫోటో చూసి రాసివ్వలేనన్నాడు తలొంచుకుని. చేతిలో నమూనా లేకుండా పేరు రాయకూడదని అతనికి నేర్పింది నేనే.

ఎండాకాలంలో చింతల్ని కొట్టేశారు. సున్నం పట్టీలతోనే పడ్డాయి. రంపం ఆగాక వాచ్‌మన్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అంత మంచిగ చేసి పెడితిమి. సారుకు ఏం నచ్చలే టీచరమ్మా?"

ఏడుపొచ్చింది. అంతమంది పెద్దల ముందు ఉపన్యాసం ఇచ్చాను గానీ, ఆ నేలను రోజూ ఊడ్చే మనిషికి ఒక్క ముక్క చెప్పాలని నాకు తోచలేదు.

"చెప్పాల్సింది నేను చెప్పలేదన్నా," అన్నాను.

"అట్లనకున్రి. చెట్లు కొట్టొద్దని మీరు ఎన్నిసార్లు చెప్పిన్రు. పెద్దలే ఇనలే," అని నన్ను ఓదార్చాడు.