తెల్లబడిన గుండ్లపేరు

మా నాన్న కంసాలి. నాకు పధ్నాలుగేళ్లప్పుడు ఆయన ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. నన్ను కుంపటి ముందు నుంచి లేపి మిషను బడిలో వేశారు. దాంతో పని సగంలోనే ఆగిపోయింది. గీటురాయి మీద గీటు చూడడం వచ్చింది గాని, నిప్పు పని రాలేదు. నాన్న పోయాక ఆ రాయి నా దగ్గరే ఉంది. నేను నరసాపురం కాలువ పక్క ఊళ్లో బడిపంతులుగా, సంఘపెద్దగా ఉన్న రోజుల్లో బంగారం మంచిచెడ్డలు నన్నే అడిగేవారు. అందుకు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడది దాచి ప్రయోజనం లేదు.

మా సంఘంలో ఆడవాళ్లు బాప్తిస్మం నాడు ఒంటిమీది బంగారం తీసేసేవారు. అమ్మేవారు కాదు, పెట్టెలో పెట్టేవారు. ఒక రైతు ఇల్లాలు తన అత్తగారి గుండ్లపేరు అలాగే దాచింది. అవి బోలు గుండ్లు, లోపల లక్క నింపినవి. ఏడాదికోసారి వాటిని కడిగే పని ఆ ఇంట్లో పనిచేసే విధవరాలిది. ఆమె సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చింది, మా సంఘంలోనే చేరింది. చింతపండు వద్దని, వేడినీళ్లు పోస్తే లక్క కదులుతుందని, చల్లటి కుంకుడు నురగలో కడిగి పాత నూలుగుడ్డతో అద్ది నీడన ఆరబెట్టమని నేనే ఆమెకు నేర్పాను. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక వేసవిలో పెట్టె తీసేసరికి పదకొండు గుండ్లు తెల్లగా ఉన్నాయి. నన్ను, మరి ఇద్దరు పెద్దలను పిలిపించారు.

"తగరంలా ఉన్నాయండీ. తాళం దాని చేతికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు నేను," అంది ఇల్లాలు.

నేను ఒక గుండును రాయి మీద గీశాను. గీటు తెల్లగా పడింది. పెట్టె మూత లోపల పాత అద్దం ఉంది, దాని కింది అంచు వెనక పూత ఊడి నల్లబడింది. అందులో నా మొహం ముక్కలుగా కనబడింది. చూశాను, అంతే.

"బంగారం కాదు," అన్నాను.

విధవరాలు గడప దగ్గర నిలబడి ఉంది. "తూకం సరిపోయింది కదండీ," అంది.

"లోపల సీసం పెడితే ఏ తూకమైనా సరిపోతుంది," అన్నాను.

"అయితే ఒక్క గుండు నిప్పులో పెట్టి చూడండి బాబూ. బంగారం నిగ్గు నిప్పులో తేలుతుందని ఆదివారం తమరే చెప్పారు కదండీ."

ఇల్లాలు ఒప్పుకోలేదు. "లక్క కారిపోతుందండీ. మా అత్తగారి వస్తువు. ఉన్నదాన్నయినా ఉండనివ్వండి."

నేను ఆ మాటనే పట్టుకున్నాను. నిజానికి నాకు నిప్పు పని రాదని ముగ్గురి ముందు బయటపడడం ఇష్టం లేకపోయింది. పదకొండింటిలో ఒక్కటి పోయినా ఫరవాలేదని అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఆదివారం నుంచి ఆమెను ప్రభువు బల్లకు రానివ్వలేదు. చాలా నెలలు ఆమె మందిరం మెట్ల మీద కూర్చుని, లోపల మేము రొట్టె విరుస్తుంటే వింటూ ఉండేది. నేను పళ్లెం పట్టుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాణ్ణి. ఒక ఆదివారం మెట్లు ఖాళీగా ఉన్నాయి. అన్న ఊరికి వెళ్లిపోయిందన్నారు.

మూడేళ్ల తరవాత ఇల్లాలు ఆ తెల్లటి గుండ్లు నా చేతిలో పెట్టింది. "చూస్తే ఒళ్లు మండుతోందండీ. ఎక్కడైనా ఇచ్చెయ్యండి," అంది. నేను పడవెక్కి నిడదవోలులో మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన మతం మారలేదు, కులవృత్తి మానలేదు.

బాబాయి ఒక గుండును వేళ్ల మధ్య తిప్పాడు. "ఏరా, వీటిని పెట్టిన పెట్టెకి అద్దం ఉందా?"

"ఉంది. పాతది."

"వెనక పూత ఊడిందా?"

"ఊడింది," అన్నాను.

"అద్దం వెనక పూసేది పాదరసంరా. కిందికి జారి బంగారాన్ని పట్టుకుంటే ఇంతే, తెల్లబడుతుంది. పక్కకి జరుగు, ఆ పొగ మంచిది కాదు." గుండును పటకారుతో నిప్పుల మీద పట్టాడు. లక్క చిటచిటమని కారింది. తెలుపు కొంచెం కొంచెంగా పోయి కింద నుంచి పసుపు తేలింది. దాన్ని నా రాయి మీదే గీసి చూపించాడు. నిండు బంగారం.

"మీ నాన్న నీకు రాయి ఇచ్చి పోయాడు గాని, కుంపటి ఇవ్వలేదురా అబ్బాయ్," అన్నాడు. ఎగతాళికే అన్నాడు.

ఆ వారమే ఆమె అన్న ఊరికి వెళ్లాను. ఆయన ఒడ్డున వల అల్లుకుంటున్నాడు. చెల్లెలు అంతకుముందు కార్తికంలో జ్వరంతో పోయిందని చెప్పాడు. చివర్లో ప్రార్థన చేసిందా అని అడిగాను.

"ఏ దేవుడికండీ? మీ గుళ్లోకి రానివ్వలేదంట, ఇక్కడ అమ్మవారి గుడికి తనే రానంది. గోడకేసి తిరిగి పడుకునేది," అన్నాడు. తల ఎత్తలేదు.

తిరిగి వచ్చి సంఘం ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఇల్లాలు ఏడ్చింది. పెద్దలు సంఘం పుస్తకంలో ఆ విధవరాలి పేరు మళ్లీ రాశారు, నన్ను క్షమించామన్నారు, ఒక కీర్తన పాడారు. అంతా ఒక్క పూటలో అయిపోయింది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తక్కినవాటిని వదిలి వెళ్లే కాపరి గురించి నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. మెట్ల మీద కూర్చున్న ఆ ఒక్కదాన్ని నేనే తరిమాను. ప్రభువు క్షమిస్తాడని నమ్ముతాను. కాని ఆమె ఎక్కడుందో నాకు తెలియదు. దాని గురించి ఎంత ప్రార్థించినా జవాబు లేదు.

నిప్పులో పెట్టిన ఆ గుండును ఇల్లాలు నాకే ఇచ్చేసింది. లక్క పోయి బోలుగా మిగిలింది. ఏడాదికోసారి దాన్ని చల్లటి కుంకుడు నురగలో కడిగి, పాత గుడ్డతో అద్ది, నీడన పెడతాను. ఇన్నేళ్లయినా అది రవంత కూడా మాయలేదు.