ముందే చెప్పేసిన సాక్ష్యం

తెలివితక్కువతనానికి ఎంట్రన్స్ పెడితే రాష్ట్రంలో మొదటి ర్యాంకు నాదే. అసలు ఎంట్రన్సులో నాకొచ్చిన ర్యాంకు చూసి మా పెద్దమ్మ కొడుకు అది ఫోన్ నంబరనుకున్నాడు.

డిగ్రీలో నాకు తొంభై ఒక్క శాతం. వ్యాసం రాయమంటే చాలు, అడిషనల్ షీట్లకు దారాలు కట్టీ కట్టీ వేళ్లు నొప్పెట్టేవి. లా ఎంట్రన్స్ అలా కాదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి, ఒకటి నొక్కమంటారు. నాకు నాలుగింటిలోనూ న్యాయం కనిపించేది. ఒక్కోదాని తరఫునా మనసులో వాదించి, తీర్పు చెప్పేలోగా టైమ్ అయిపోయింది.

అయినా ఇంటికొచ్చి, "సీటు వచ్చినట్టే నాన్నా. నా మార్కులు చూశాక ఎవరు కాదంటారు?" అన్నాను.

నాన్న రాజమండ్రిలో కోర్టు అటెండరు. ముప్పయ్యేళ్లుగా గుమ్మం దగ్గర నిలబడి వాది ప్రతివాదుల పేర్లు కేకేసిన మనిషి. రిటైరయ్యేలోగా నేను నల్లకోటు వేసుకుని ఆ గుమ్మం దాటడం చూడాలని ఆయన కోరిక. లా మూడేళ్లు, ఆయనకి మిగిలిన సర్వీసు మూడేళ్ల చిల్లర. ఒక్క ఏడు కూడా పోకూడదు.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు ఆదివారం ముందుకెళ్లి సాక్ష్యం చెబుతారు. ఫలితాలు రాకుండానే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని లేచారు. "దేవుడు మా అబ్బాయికి లా సీటు ఇచ్చాడండి" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆపవలసిన నేనూ అన్నాను.

రెండు వారాలకు ర్యాంకు వచ్చింది. మార్కుల జాబితాలన్నీ ఫోల్డర్లో పెట్టుకుని ఇద్దరం కౌన్సెలింగుకి వెళ్లాం. అక్కడి మేడమ్ ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"మంచి మార్కులేనండి. కానీ ఇద్దరికి ఒకే ర్యాంకు వస్తేనే ఇవి చూస్తాం."

"మావాడి ర్యాంకు ఇంకెవరికైనా వచ్చిందేమో ఓసారి చూడండమ్మా" అన్నారు నాన్న.

ఆ ఆదివారం మా సంఘపెద్ద అయిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు చర్చి మెట్ల మీద నలుగురి ముందూ నాన్నని ఆపారు. "ఏంటయ్యా, కోర్టులో పనిచేస్తా అబద్ధసాక్ష్యం చెప్పొచ్చా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, "తప్పేనండి" అన్నారు. తప్పు నాదని చెప్పవలసిన నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను. తర్వాత నాన్న ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చోలేదు. చెప్పులు విడిచే చోట, తలుపు పక్కన నిలబడేవారు, డ్యూటీలో ఉన్నట్టు.

మరుసటేడు మళ్లీ రాశాను. వాదనలు మానేసి, ముందు కనపడ్డదాన్ని నొక్కుతూ పోయాను. సీటొచ్చింది. మూడో ఏడు చదువుతుండగా నాన్న రిటైరయ్యారు. ఆ సాయంత్రం దండ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి, "నువ్వు లోపలికెళ్తుంటే తలుపు తీసి పట్టుకుందామనుకున్నాన్రా" అన్నారు. నా చేతికి నల్లకోటు రాకముందే, ఆ వానాకాలం, జ్వరంతో పోయారు.

ఇప్పుడు కోర్టు ఎదురుగా నాకో ఇరుకు ఆఫీసుంది. మొన్న బుధవారం ఆ హెడ్మాస్టరు గారు కర్ర పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చారు. కడియం దగ్గర తన పొలం నర్సరీవాళ్లకిస్తున్నారు, కౌలు కాగితం రాయాలి.

"మీ నాన్న చాలా మంచోడు బాబూ" అన్నారు. ఆయనకి మెట్ల మీది మాట గుర్తున్నట్టు లేదు.

కాగితం ఆ సాయంత్రమే రాసి, ప్రింటు తీసి, సొరుగులో పెట్టాను. మర్నాడు ఆయన ఆయాసపడుతూ మళ్లీ వచ్చారు.

"అయిందా బాబూ?"

"ఇంకా అవలేదండి. సోమవారం రండి" అన్నాను.