పది వేళ్లు దాటిన రోజు

మొగుడంపల్లికి ఇచ్చిన మా బిడ్డ కూతురు ఇప్పుడు మా ఇంట్లో ఉండి జహీరాబాద్‌లో ఎలెవెంత్ చదువుతోంది. మొన్న అన్నం తింటూ ఆ ఎలెవెంత్ అనే మాట ఎలా పుట్టిందో చెప్పింది. వెనకటి ఇంగ్లీషోళ్లు పది వేళ్లూ లెక్కపెట్టి, పైన ఇంకొకటి ఉంటే "ఒకటి మిగిలింది" అనేవారట. ఆ మిగిలిందే ఎలెవెన్ అయింది, దానికి తోక తగిలిస్తే ఎలెవెంత్, అంటే పదకొండోది. వాళ్ల సారు చెప్పాడట. నాకు వేలిముద్ర తప్ప చదువు లేదు గానీ, ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మా ఆయన పోయిన పదకొండో రోజున ఇంగ్లీషు రాకుండానే నేర్చుకున్నాను.

మాలో ముత్తైదువ గుర్తులు ఆ రోజే తీస్తారు. తీసే ముందు చివరిసారి పెళ్లికూతురిలా సింగారిస్తారు. పసుపు రాసి, పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగారు. నా పెళ్లికి కూడా అన్ని గాజులు దొరకలేదు. పగలగొట్టడానికి కూర్చున్న విధవరాలు, మా ఆయనకు చిన్నమ్మ, "జర చెయ్యి సక్కగ పెట్టు, గీసుకుంటది" అంది ఎంతో మర్యాదగా. మా మామ బతికే ఉన్నాడు గనుక అత్త నన్ను చూడకుండా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోహీర్ నుంచి మా అన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. నా ఒళ్లో ఏడాది నిండని బిడ్డ. అత్త కొంగు చాటు నుంచే తీర్పు చెప్పింది.

"నువ్వు పోతే పో. పిల్ల మాది, ఈడనే ఉంటది. నా కొడుకును మింగినవ్, దాన్ని గూడ మింగుతవా?"

అన్న తల దించుకున్నాడు. విస్తర్ల ముందు కూర్చున్న పెద్దమనుషులు పప్పులో ఉప్పు తక్కువైందని మాట్లాడుకున్నారు.

"గట్లయితే నేను గూడ ఈడనే ఉంట," అన్నాను. "నా మొఖం చూడబుద్ధి కాకుంటే మీరే అటు తిరుగున్రి."

ఉన్నాను. పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదని గొడ్ల కొట్టంలో పడుకోబెట్టారు. చెరకు నరికి, అల్లం తవ్వి, బిడ్డను పెంచి పెళ్లి చేశాను. తిట్టినవాళ్లు ఒక్కొక్కరే పోయారు, అత్త మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆమెకు ముద్ద కలిపి పెట్టేది నేనే. మనవరాలు ఆ మాట చెప్పిన పూట, ముద్ద చేతిలో పట్టుకుని ఆగాను.

"అత్తమ్మా, నీ కొడుకు పదకొండో దినం నాడు నన్ను ఏమన్నవో యాదికున్నదా?"

ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది.

"నాకు కొడుకెక్కడున్నడు బిడ్డా? జల్ది పెట్టు, ఆకలైతున్నది."

పెట్టాను. ఇన్నేళ్లూ నూరి పెట్టుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది. కాలం నాకన్నా ముందే ఆమె దగ్గరికి పోయి అంతా మాఫీ చేసేసింది, నన్ను ఒక్క మాట అడగకుండా.