ఇంగిలీకం నల్లబడిన పటం

కరోనా సద్దుమణిగిన తరవాతి ఎండాకాలంలో నన్ను శామీర్‌పేట దారిలో ఒక ప్రైవేటు ట్రస్టు పెట్టిన ప్రదర్శనశాలకు పంపారు. అప్పటికి నేను ప్రభుత్వ ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టుని, రిటైర్మెంటు దగ్గరపడ్డవాణ్ణి. అల్వాల్ నుంచి స్కూటర్ మీద పోయేవాణ్ణి. పని ఒక్కటే: అక్కడ వేలాడదీసిన పాత కథాపటం రంగులు ఎట్లా ఉన్నాయో కనిపెట్టడం.

ఆ పటం అక్కడికి దగ్గర్లోని లాల్‌గడి మలక్‌పేట్ అనే ఊరి యాదయ్యది. ఊరూరా తిరిగి, గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ కులపురాణం చెప్పే ఇల్లు వాళ్ళది. ట్రస్టుకు పటం ఇచ్చేటప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు. రంగు చచ్చిపోతే పటం తిరిగి ఇచ్చేయాలి. చచ్చిన పటాన్ని వాళ్ళు దాచుకోరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్ళలో విడుస్తారు.

పటాన్ని గీకి పరీక్షించడం మాకు నిషిద్ధం. అందుకని చింతగింజల గంజి, సుద్ద పూసిన గుడ్డముక్కల మీద అవే రంగులు తుమ్మబంకతో వేసి, కొన్ని పటం పక్కన, కొన్ని మూతపెట్టిన డబ్బాలో పెడతాం. సాక్షి పట్టీలంటాం వీటిని. గదిలో గాలి, వెలుతురు రంగును ఏం చేస్తున్నాయో ఇవే చెప్తాయి.

వానలు ముగిసేసరికి పటం పక్కనున్న పట్టీ మీద ఇంగిలీకం, అంటే ఆ ఎర్రరంగు, కుండ అడుగులా నల్లబడింది. డబ్బాలోది నిక్షేపంగా ఉంది. పటంలో బొమ్మల వెనకంతా ఎరుపే. అదీ అదే దారి పట్టింది. ఆ పట్టీని పరీక్షిస్తే క్లోరిన్ జాడ తేలింది; క్లోరిన్‌కు వెలుతురు తోడైతే ఇంగిలీకం నల్లబడుతుంది. ఎక్కడిదిరా దేవుడా అని వెతికితే, పెద్దమనుషులు వచ్చే ముందల్లా గచ్చు తళతళలాడాలని బాత్రూం యాసిడ్‌తో కడిగిస్తున్నారు! ఆ ఆవిరి ఒకవైపు, పొద్దంతా ఆర్పని లైట్లు ఒకవైపు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ట్రస్టు కార్యదర్శి నన్ను పక్కకు పిలిచాడు. యాసిడ్ మానేస్తాం, లైట్లు తీసేస్తాం అన్నాడు. రిపోర్టులో మాత్రం రంగు కోలుకుంటుందని రాయమన్నాడు. అట్లా రాస్తే పటం అక్కడే ఉంటుంది, చీకటి పెట్టెలో ఇంకో రెండు తరాలు నిలుస్తుంది కూడా. గుడ్డ, నీలి, పసుపు బాగానే ఉన్నాయి. వస్తువును కాపాడటమే నా ఉద్యోగం కాబట్టి నా మనసూ అటే లాగింది. కానీ నల్లబడ్డ ఇంగిలీకం మళ్ళీ ఎర్రబడదు. కోలుకోదని రాసి సంతకం పెట్టాను.

యాదయ్య వచ్చి చాలాసేపు పటాన్ని చూశాడు. చీకట్లో పెడితే ఇంకా ఎన్నో ఏండ్లు ఉంటుందని బతిమాలాను.

"ఉంటది సార్. ఉంటే ఎవలు సూడాలె? మా తాత గీ ఎరుపు ముందల నిలవడి కథ జెప్పిండు. సచ్చినంక ఇంట్ల వెట్టుకుంటమా?" అని ఏడుస్తూనే పటాన్ని చుట్టాడు.

మర్నాడు శామీర్‌పేట చెరువులో విడిచారు. రమ్మంటే నేనూ వెళ్ళాను. నీళ్ళు తగలగానే బంక కరిగి, చెక్కుచెదరని నీలి కూడా గుడ్డను వదిలింది. అక్కడ నిలబడలేకపోయాను.

పరీక్ష వస్తువుకు కాపలా కాదని అప్పుడు తెలిసింది. అది జరిగిన నష్టాన్ని చెప్తుంది. ఆ మాట విని ఏం చేయాలో సొంతదారు ఇష్టం. నా సర్వీసు మొత్తంలో నా రిపోర్టు వల్ల నాశనమైన వస్తువు అదొక్కటే. ఆ రిపోర్టులో ఒక్క తప్పు కూడా లేదు.