మామ నడుముకు మిరపకాయ నూనె

నేను కాచిన నూనె మా మామ చేత రాజుగారి తహసీల్దారు ఎదుట చిందులు తొక్కించింది. ఆ ఘోరం చెబుతాను, కాస్త కూర్చోనివ్వండి. అప్పటి అలసట ఇంకా నా మణికట్లను వదల్లేదు.

బస్తరు సంస్థానం రోజులు. కోంటాలో మా అత్తింటివాళ్లది చింతపండు, ఇప్పగింజలు కొనే దుకాణం. కొత్త కోడలికి దక్కిన పదవి ఒకటే, నూనె మర్దన. అత్తకు మోకాళ్లు, మామకు నడుము, సంతలు తిరిగొచ్చే మా ఆయనకు పిక్కలు. వావిలాకు, వాము, వెల్లుల్లి దంచి నువ్వులనూనెలో సన్నసెగ మీద కాచాలి, వడకట్టాలి, దీపాలు పెట్టింది మొదలు రుద్దాలి. వేడి పుట్టేదాకా రుద్దాలని అత్త శాసనం. వాళ్ల ఒంట్లో వేడి పుట్టేసరికి నా ఒళ్లు చల్లబడిపోయేది.

ఒకనాడు చేతులు పడిపోయి పొయ్యి ముందు కూలబడి ఉంటే ఒక ఆలోచన తట్టింది. అలసిన మనిషికి తట్టే ఆలోచనను ఎప్పుడూ నమ్మకండి. వేడి నూనెలోనే ఉంటే ఇక రుద్దడమెందుకు? ఎండుమిరపకాయలు రెండు గుప్పిళ్లు దంచి పడేశాను. నూనె పారాణిలా ఎర్రగా దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడే తహసీల్దారు వచ్చారు. అడవి సరుకు కొనే గుత్త, అదే ఠేకా, ఆ ఏడు మాకో, పక్కవీధి వాళ్లకో తేలాలి. మామేమో ఎడ్లబండి ప్రయాణంతో నడుము పట్టేసి కొడవలిలా వంగిపోయి ఉన్నాడు. ఆయన్ను బోర్లా పడుకోమని నూనె పైపైన పూసి లేచాను.

"గింతేనా పిల్లా?" అన్నాడు.

"ఇది కొత్తరకం మామా. దాని పని అదే చేసుకుంటది."

చేసుకుంది. మామ వెళ్లి తహసీల్దారు ఎదుట కూర్చుని ఠేకా మాట ఎత్తాడో లేదో చెమటలు పట్టాయి. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఏమైందని తహసీల్దారు హిందీలో అడిగితే, "కుఛ్ నహీ హుజూర్" అంటూనే స్తంభానికి నడుము రాచుకున్నాడు, ఎద్దు గుంజకు రాచుకున్నట్టు. చివరికి మర్యాద మరిచి పెరట్లోకి పరుగెత్తాడు. నేను కంగారులో కడివెడు నీళ్లు గుమ్మరించాను. మంట రెట్టింపైంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవొద్దంటారు. నేను రోట్లో పెట్టింది మామ నడుమాయె.

అత్త మజ్జిగ కుండ తెచ్చి ఆయన వీపు మీద వంచి, "ఏం పూసినవే?" అంది.

"మిరపకాయ."

అత్త నా చేతిలోని కడవ లాక్కుంది. భద్రాచలంలోని మా పుట్టింటికి బండి కట్టించడమే తరువాయి అనుకున్నాను.

మంట చల్లారాక మామ లేచి నిలబడ్డాడు. నిటారుగా, టేకుమానులా. నొప్పి కూడా భయపడి పారిపోయినట్టుంది. మజ్జిగ కారుతున్న ఒంటితోనే వెళ్లి బేరం నడిపాడు. ఠేకా మాకే దక్కింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికి సంగతి తెలిసి వీధిలోని ఆడవాళ్లందరూ మోకాళ్లు పట్టుకుని మా అరుగెక్కారు. అత్త వాళ్లను వరసగా కూర్చోబెట్టింది.

"మహిమంతా మా కోడలి చేతిల ఉన్నది," అంది గర్వంగా. "మిరపకాయ మాన్పించిన. దాని బదులు రెండింతలు రుద్దుతది."

ఆ రాత్రి ఊరి పక్కన పారే శబరి తల్లి వైపు తిరిగి, పైకి లేవని చేతులతో దండం పెట్టి ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఇంకెన్నడూ పని తగ్గించుకునే ఉపాయం ఆలోచించను.