నొసటి సుడి కోసం

మా పెద్దబాపు పోయాడు. నాన్నకు సొంత అన్న. మెదక్‌లో తన కొట్టంలో, తాను పెంచిన మగ గుర్రమే ఆయన ఛాతీ మీద తన్నింది. దవాఖానకు చేర్చేలోగా ప్రాణం పోయింది. ఫోన్‌లో ఆయన కొడుకు, మా అన్న, ఈ సంగతి చెప్పి "గొడ్డలి పట్టుకొని ఉన్న. దాన్ని నరుకుత" అన్నాడు. నేను హైదరాబాద్‌లో, జన్యు పరీక్షలు చేసే ప్రయోగశాలలో ఉన్నాను. ఆ చావులో నా చెయ్యి కూడా ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెళ్ళి బరాత్‌లకు గుర్రాలిచ్చేవాడాయన. నర్సాపూర్, కౌడిపల్లి దాకా తన గుర్రం ఎక్కనివాడు పెళ్ళికొడుకే కాదని ఆయన లెక్క. కోపం ముక్కు మీదే ఉండేది. తాగి గుర్రం తోక లాగినవాడిని డప్పుల మధ్యే పడేసి పళ్ళు రాలగొట్టాడొకసారి. అదే మనిషి నానిన శనగలు ముందు తాను నాలుగు నమిలి చూడందే గుర్రానికి పెట్టేవాడు కాదు. నాకు ఏడేళ్ళప్పుడు జీను లేకుండా ఎక్కించి "భయమైతే కానియ్. పగ్గం మాత్రం ఇడువకు బిడ్డా" అన్నాడు. పడ్డాను, చెయ్యి విరిగింది. కట్టు విప్పిన రోజే మళ్ళీ ఎక్కించాడు. ఇవాళ ఎవరి ముందైనా తల ఎత్తి మాట్లాడగలుగుతున్నానంటే ఆయన చలవే.

గుర్రంలో ఆయన మొదట చూసేది సుడి. నొసటి నడిమధ్య వెంట్రుకలు ఒక్కటే సుడి తిరగాలి. "జీను కింద సుడి ఉన్నది మనిషిని తింటది" అనేవాడు. బయటి మగ గుర్రాలన్నిటిలోనూ ఆయనకు ఏదో ఒక చెడ్డ సుడి కనపడేది. అందుకని ఇంటి గుర్రాలనే జత కలిపాడు. తండ్రిని కూతురితో, అన్నను చెల్లెలితో. నొసటి సుడి చెదరలేదు కానీ పిల్లలు బతకడం మానేశాయి. ఒకటి గుడ్డిదిగా పుట్టి గోడకు తల బాదుకుని చచ్చింది.

జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి తీసుకెళ్ళి పరీక్షించాను. తల్లుల వరుస పేరున్న మార్వార్ జాతి గుర్రాలతో కలుస్తోందని చెబితే మీసం తిప్పాడు. ఆ తర్వాతి మాట కూడా చెప్పాను.

"పెద్దబాపూ, ఎన్నో తరాల సంది తల్లి దిక్కు, తండ్రి దిక్కు తాత ఒక్కడే. గందుకే పిల్లలు బతుకుతలేవు. ఈ మగదానికి విత్తులు తీపియ్యాలె, బయటిది తేవాలె."

చెంప పేలిపోయింది. పెదవి చిట్లి నోరంతా రక్తం.

"నా జిందగీ అంతా ఒక్క కాయితం మీద గీకి తెస్తవా?" అని అరిచాడు. మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ మధ్యలో ఇంకో పిల్ల పుట్టింది. కబురు తెలిసి వెళ్ళాను. నొసట చక్కని సుడి, ముందరి కాళ్ళు మాత్రం లోపలికి మడుచుకుపోయాయి. లేవబోయి పడేది, మళ్ళీ లేవబోయేది, మోకాళ్ళ దగ్గర ఎముక తేలింది. రెండు రోజులు చూసి ఆయనే సుత్తి తెచ్చాడు. సరిగ్గా ఆ సుడి మీదే కొట్టాడు. ఒక్క దెబ్బ సరిపోలేదు. చేతులు కడుక్కోకుండానే నా దగ్గరకొచ్చి, "డాక్టర్‌ను పిలువు బిడ్డా. నువ్వు చెప్పినట్లే చేస్త" అన్నాడు. అప్పుడు ఆయన్ను పట్టుకుని ఏడ్చాను.

విత్తులు తీయడానికి డాక్టర్ వచ్చిన రోజు, మత్తు సూది ఇంకా వెయ్యకముందే, వెనక కాళ్ళకు తాడు తానే కట్టాలని పట్టుబట్టి వెనక్కి వెళ్ళాడట. అది తన్నింది.

నేను చేరేసరికి అన్న గొడ్డలి పట్టుకుని ఇంకా కొట్టంలోనే ఉన్నాడు. పెద్దమ్మ, పెద్దబాపు భార్య, గుర్రానికి అడ్డంగా నిలబడి ఉంది.

"అంబులెన్స్‌ల మీ బాపు ఏమన్నడో ఇన్నవా? దాన్ని కొట్టకుండ్రి, పని కానియ్యుండ్రి అన్నడు. నాకు జెప్పిన ఆఖరు మాట గదే."

అన్న గొడ్డలిని గుంజకేసి దించి అక్కడే కూలబడ్డాడు.

మట్టి చేసిన మూడో రోజు డాక్టర్ మళ్ళీ వచ్చాడు. సూది పడ్డాక గుర్రం ఒరిగిపోయింది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. పెద్దమ్మ దాని తల పక్కన చతికిలబడి, చీర కొంగు దాని కంటి మీద కప్పింది.

"కానియ్యుండ్రి సారూ" అంది.

కత్తి దిగింది. రక్తం గడ్డిలోంచి పారి ఆమె కాళ్ళ దాకా వచ్చింది. ఆమె జరగలేదు. తన మొగుణ్ణి చంపినదాని మెడ నిమురుతూనే ఉంది.